తెగే దారం

రాహేలమ్మతో బజారుకి వెళ్తే కోడలు సలోమికి రెండు పనులు. ఒకటి సంచి మోయడం. రెండు, షాపుల వాళ్లకి సారీ చెప్పడం.

అత్తగారికి ఏ వస్తువైనా లాగి చూస్తేగాని నమ్మకం కుదరదు.

నులక తాడు, చీర అంచు, చెప్పు పట్టీ, ఆఖరికి తోటకూర కట్ట. పెళ్లిచూపుల్లో సలోమి జడ కూడా లాగి చూసింది. ఆవిడ మాత్రం ఇప్పటికీ, "నిమిరినాను" అంటుంది.

ఆ రోజు కాశీబుగ్గలో దారాల షాపు వంతు వచ్చింది.

చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు పాత చీరలతో బొంతలు కుట్టి, ఆస్పత్రిలో డయాలసిస్ చేయించుకునే వాళ్లకి ఇస్తున్నారు. రక్తం మిషన్లోకి వెళ్లి వచ్చేంతసేపూ వాళ్లకి ఒకటే చలి. బొంతలు కుట్టే మోటారు మిషను సలోమిది. దారం ఎంపిక అత్తగారిది.

దానికో కారణం ఉంది. అదే కిడ్నీ జబ్బుతో మామగారు చివరి రోజుల్లో వణికిపోయారు. ఇంటి నుంచి పట్టుకెళ్లిన బొంత కుట్లు ఊడి, పేలికలై ఆయన చేతిలోకి వచ్చింది. అలా ఇంకెవరూ వణక్కూడదని రాహేలమ్మ పట్టు.

"తుపానొచ్చినా తెగకూడదు" అంటూ నైలాను దారాన్ని రెండు చేతులా లాగింది. వేలు కోసుకుంది గాని దారం తెగలేదు.

"ఇదే! మొన్న బొంతలకీ ఇదే కుట్టినాం. ఇంకో పెట్టె ఇయ్యి బాబూ."

పక్కనే ఒక సన్నటి మనిషి తెల్ల నూలు దారం ఉండలు కొంటున్నాడు. అంత ఉక్కలోనూ ఒక చేతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

"నూలు దారం తీసుకోండమ్మా" అన్నాడు మెల్లగా. "బొంతకి మెత్తగుంటాది. మిషనుకీ నడుత్తాది."

రాహేలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఏటి సేత్తుంటావు నువ్వు?"

"వలలు అల్లీవోణ్ణమ్మా. పూండి అవతల."

"మరి వలకి నూలు దారం వాడతావేటి?"

"లేదమ్మా, వలకి ఈ నైలాను తంగూసే. సేపకి గుచ్చుకున్నా అది సెప్పుకోలేదు కదా."

సలోమికి నవ్వొచ్చింది. అత్తగారి మొహం చూసి దగ్గింది.

"ఏదీ, నీ దారం ఇలా తే" అని రాహేలమ్మ అతని ఉండ లాక్కుని, కొస పట్టుకుని లాగింది. పుటుక్కున తెగింది.

"సూసినావా! నీ పని నువ్వు సూసుకో బాబూ. మా రోగుల సంగతి మాకు తెలుసు."

"అలాగేనమ్మా" అన్నాడతను. తెగిన ముక్కని కూడా జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

"పీనాసి" అంది రాహేలమ్మ.

నెల తిరక్కుండా కొత్త బొంతలు తీసుకుని ఇద్దరూ ఆస్పత్రికి వెళ్లారు.

వార్డులో అందరి మీదా మొదట ఇచ్చిన బొంతలే. బారువ నుంచి వచ్చే అప్పలమ్మ తన బొంతని గడ్డం దాకా లాక్కుంది.

"ఇవి కుట్టింది మీరేనా తల్లీ? మీ కడుపు సల్లగుండ! పసిపిల్ల వొళ్లులాగుంది."

రాహేలమ్మ నిమిరి చూసింది. నిజమే, వెన్నలా ఉంది.

"సూడే సలోమీ! ఉతికినకొద్దీ మెత్తబడ్డాది నా దారం."

అక్కడితో ఊరుకుంటే ఆవిడ రాహేలమ్మ ఎందుకవుతుంది? అలవాటు కొద్దీ ఒక కుట్టు కింద గోరు పెట్టి లాగింది.

పుటుక్కున తెగింది.

"ఇది నా దారం కాదు!"

అప్పలమ్మ నాలిక కరుచుకుంది. "సెప్పొద్దన్నాడమ్మా పోలయ్య మావ."

"పోలయ్య ఎవరు?"

"మాలాగే ఇక్కడ సూది పొడిపించుకునీవోడు. మీ బొంతలు ఎచ్చగానే ఉండీవి. ఆ దారం కొసలే..." అప్పలమ్మ తన చేతిమీద సూదులు గుచ్చే చోట ఉబ్బిన నరాన్ని చూపించింది. "ఇక్కడ తగిల్తే పేణం పోయీది. కప్పుకోకపోతే సలి. అప్పుడు మావ ఒక్కో బొంతా ఇప్పి, నూలు దారంతో మళ్లీ కుట్టినాడు."

సలోమి వార్డంతా చూసింది. అన్ని మంచాలు, అన్ని బొంతలు. ప్రతి బొంతకీ ఈ కొస నుంచి ఆ కొస దాకా సన్నటి తెల్ల కుట్లు.

"ఇంటి దగ్గర కుట్టాడా?"

"ఇంటికాడ ఓపికెక్కడిదమ్మా? అంతా ఈ మంచం మీదే. ఓ సెయ్యి రగతం మిషనుకి ఉండీది. బొంతని మోకాళ్ల మద్దిన బిగించి రెండో సేత్తో కుట్టీవోడు. దారం పళ్లతో తెంపీవోడు."



"మాకు చెప్పొచ్చు కదా" అంది సలోమి.

"నానూ అదే అన్నాను. కాశీబుగ్గ షాపులో ఓపాలి సెప్పి సూసినాడంట. 'పేమగా తెచ్చినోళ్లు, ఇంకోపాలి సెప్తే మనసు కట్టపెట్టుకుంటారు. సేపలు సెప్పుకోలేవు, మనం సెప్పుకోకూడదు' అని నవ్వీసినాడు."

రాహేలమ్మ చుట్టూ వెతికింది. "ఆ బాబు ఏడీ? ఏ మంచం?"

అప్పలమ్మ కిటికీ పక్కకి చూపించింది.

మంచం ఖాళీగా ఉంది. దాని మీద మడిచిన బొంత. కొంత దూరం తెల్లటి నూలు కుట్లు, ఆ తరవాత అంతా నైలాను. మధ్యలో సూది గుచ్చింది గుచ్చినట్టే ఉంది.

"మొన్న ఆదోరం పోనాడమ్మా. అందరివీ అయ్యాకే తనది మొదలెట్టినాడు."

రాహేలమ్మ ఆ మంచం అంచున కూర్చుంది. బొంత ఒళ్లోకి తీసుకుంది. సూదికున్న దారాన్ని వేలితో తాకింది. లాగలేదు.

"తెగే దారమే తేవే సలోమీ" అంది. "తప్పు నాది."