చెట్ల కింద చుక్క

“ఒక్క కొమ్మ కూడా కొట్టనివ్వను,” అన్నాడు ఇంటాయన. “ఈ చెట్లన్నీ నా చేత్తో నాటినవి.”

“కొట్టమని ఎవరన్నారయ్యా?” అన్నాడు సర్వేయర్. “కొట్టకుండా కొలవడానికే ఈ అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాను.”

అమ్మాయి అంటే ప్రోగ్రామర్. సర్వేయర్ల పరికరాల్లో నడిచే సాఫ్ట్‌వేర్ రాస్తుంది.

వరద కాలువ పని ఈ పెరటి దగ్గరే ఆగిపోయింది. కాలువ ఎటు పోవాలో మ్యాపులో గీత ఉంది. ఆ గీత నేలమీద ఎక్కడ పడుతుందో తేలలేదు. ఆరుబయటైతే పరికరం ఉపగ్రహాల సంకేతాలు అందుకుని వేలెడు తేడాలో చెప్పేస్తుంది. ఇక్కడి చెట్లు ఏడాది పొడుగునా ఆకు రాల్చవు. సంకేతాలు కొన్ని ఆకుల్లోనే ఆగిపోతాయి. కొన్ని మానులకు తగిలి, చుట్టు తిరిగి ఆలస్యంగా వస్తాయి. పాత సాఫ్ట్‌వేర్ అన్నిటినీ కలిపి లెక్కగట్టేది. గీత ఒకసారి ఈ పెరట్లో పడేది, ఇంకోసారి పక్కవాళ్ళ ఖాళీ స్థలంలో.

సర్వే శాఖలో ఒక పద్ధతి ఉంది. కొలతలో అనుమానం ఉంటే, మనుషులు కాపురముంటున్న ఇంటిని ముట్టుకోరు. కిందటిసారి సర్వేయర్ ‘అనుమానం’ అని తేల్చి వెళ్ళాడు. పక్క స్థలం వాళ్ళు కాలువకు ఒప్పుకోలేదు. మొన్నటి వానలకు దిగువ వీధిలో ఇద్దరు మునిగి చనిపోయారు. మళ్ళీ కొలవమని పైనుంచి కబురొచ్చింది.

పెరట్లో ఒక ముసలావిడ కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇంటాయన అత్తగారు.

“అత్తయ్యా, లోపలికి రా. దోమలు కుడతాయి.”

“కుట్టనీ.”

“పగలంతా ఇక్కడే. చెబితే వినదు,” అన్నాడతను సర్వేయర్‌తో. “మా ఆవిడ ఎవరితోనో వెళ్ళిపోయి తొమ్మిదేళ్ళు. కన్నతల్లికి ఒక్క ఫోను లేదు. ఈవిడ స్టేషన్ చుట్టూ తిరిగితే, ఇష్టపడి పోయినవాళ్ళను వెతకం పొమ్మన్నారు. అయినా నేను వదిలేశానా? ఈ ఇల్లు కూలిస్తే ఇద్దరం వీధిన పడతాం సార్.”

“నీలాంటి అల్లుడు కోటికొకడు.”

ముసలావిడ ప్రోగ్రామర్ వైపు తిరిగింది.

“ఈసారైనా తేలుతుందా అమ్మాయీ?”

“తేలాలి పెద్దమ్మా. చుట్టు తిరిగొచ్చిన సంకేతాలను ఇప్పుడు గుర్తుపడుతుంది. వాటి మాట నమ్మదు.”

“తిన్నగా వచ్చినవాళ్ళ మాటే వింటుందన్నమాట. మంచిదే.”

ప్రోగ్రామర్ ముక్కాలి స్టాండు నిలబెట్టి పరికరం బిగించింది. తెర మీద చుక్కలు పడ్డాయి. మొదట చల్లిన గింజల్లా పెరడంతా. తర్వాత ఒక్కొక్కటే దగ్గరికి జరిగాయి. చివరికి అన్నీ ఒకే చుక్కయ్యాయి. ఆమె స్టాండు ఎత్తి ఇంకోచోట పెట్టింది. మళ్ళీ అదే. పక్క స్థలంలో, ఆకాశం కనిపించేచోట పెట్టి సరిచూసింది. తేడా లేదు.

“ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేలా ఉందే నీ ప్రోగ్రామ్!” అన్నాడు సర్వేయర్. తెర మీదికి వంగాడు.

ఆ చుక్కను బట్టి చూస్తే, కాలువ గీత పెరటి మధ్యనుంచి వెళ్ళి వంటగది గోడలోంచి బయటికొచ్చింది.

సర్వేయర్ ప్రోగ్రామర్‌ను గేటు దగ్గరికి తీసుకెళ్ళాడు.

“పాత సాఫ్ట్‌వేర్‌తో ఇంకోసారి కొలిచెయ్. అనుమానం అని పంపేసి పోదాం.”

“ఇప్పుడు అనుమానం లేదు కదా సర్.”

“నాకు తెలీదా? మనం కొలిచేవాళ్ళమే గానీ కూల్చేవాళ్ళం కాదు. ఆ ముసలావిణ్ణి చూడు. కూతురు లేదు, ఉన్న నీడ కూడా తీసేస్తావా?”

“దిగువ వీధివాళ్ళో?”

“వాళ్ళ సంగతి ఇంకెవరైనా చూస్తారు.”

ఇంటాయనకు సంగతి అర్థమైంది. వచ్చి ఆమె కాళ్ళ మీదికి వంగాడు. ఆమె వెనక్కి జరిగింది.

“అమ్మా, మీకు పుణ్యముంటుంది. నాకోసం కాదు. ఈ వయసులో ఆవిణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళను?”

రెండేళ్ళు ఆమె ఈ చుక్క కోసమే పనిచేసింది. అది వచ్చి ఒక ముసలావిడ ఇంట్లో పడింది. వేలు తెర మీద ఆగింది. పాత సాఫ్ట్‌వేర్ కూడా పరికరంలోనే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు.

ముసలావిడ కుర్చీలోంచి లేచి వచ్చింది.

“పాతది నిజమా, కొత్తది నిజమా?”

“కొత్తదే పెద్దమ్మా. కానీ దీని ప్రకారం ఇల్లు పోతుంది.”

“పెరడో?”

“ఈ కొస నుంచి ఆ కొసదాకా పోతుంది.”

“అయితే కొత్తదే పంపు.”

“అత్తయ్యా! నీకేమైనా మతిపోయిందా?”

“నువ్వుండవయ్యా. పంపు తల్లీ. నా కోసం అబద్ధమాడొద్దు.”

సర్వేయర్ తల దించుకున్నాడు. ప్రోగ్రామర్ నొక్కింది. కొలత ఆఫీసుకు చేరినట్టు తెర మీద కనిపించింది.

ఇంటాయన మెట్టు మీద కూలబడ్డాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది. ఎవరివైపూ చూడలేదు.

సర్వేయర్ స్టాండు మడిచాడు. వెళ్ళబోతూ ముసలావిడ దగ్గర ఆగాడు.

ఆవిడే అడిగింది.

“మనుషులు తవ్వుతారా నాయనా, యంత్రమా?”

“యంత్రమే పెద్దమ్మా. వచ్చే వారంలో వస్తుంది.”

“ఎంత లోతు?”

“పదడుగులు.”

“అంత అక్కర్లేదు నాయనా, వీడు నా కూతుర్ని మూడడుగుల్లోనే పాతాడు.”