తేలిక రైఫిల్

"ఇంకా బరువే, రోయినా. ఇది రైఫిలా, కంచె గుంజా?" అన్నాడు ఫెర్గస్, నా మొగుడు.

నాకు ఒళ్ళు మండింది. తన పాత వేట రైఫిల్‌ని తేలిక చెయ్యమని నెల నుంచీ షెడ్డులో నా ప్రాణం తీస్తున్నాడు. ఏప్రిల్‌లో మగ దుప్పులు అరవడం మొదలయ్యేసరికి హాస్ట్ కొండలు ఎక్కాలట. గొట్టాన్ని పట్టి ఉంచే వాల్‌నట్ కర్ర తీసేసి తేలిక కర్ర బిగించాను. దాన్నీ లోపలంతా తొలిచాను. భుజాన తగిలించుకునే పటకా, పైనున్న దుర్బిణీ కూడా ఊడదీశాను.

"కిందటేడు ఇదే రైఫిల్‌తో పాటు దుప్పిని కూడా మోసుకుని కొండ దిగావు కదయ్యా!"

"అప్పుడింత బరువు లేదు. నువ్వే ఏదో పాడుచేశావు. పనితనం తెలిసిన చేతులైతే కదా!"

పొద్దున టీ కప్పు నేనే తన నోటికి అందించానని గుర్తుచెయ్యబుద్ధి కాలేదు. రైఫిల్‌ని బల్ల దగ్గరికి పట్టుకుపోయి, తనవైపు వీపు తిప్పి, చాలాసేపు పనిచేశాను. తెచ్చి ఒళ్ళో పెట్టాను.

రెండు చేతులతో ఎత్తాడు. అది ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. వేళ్ళు ఇనుము ఉండాల్సిన చోట ఖాళీని తడిమాయి. గొట్టంతో సహా ఇనుమంతా నా వెనక బల్లమీదే ఉంది. నేనిచ్చింది ఉత్త కర్ర.

ఫెర్గస్ తలెత్తి నా ముఖంలోకి చూశాడు.

"ఇప్పుడు నయం," అన్నాడు మెల్లగా. "ఇంకొంచెం చెక్కు."

నేను ఆకురాయి అందుకున్నాను.