నానమ్మ పంపే అబద్ధాలు

"ఇంకొక్క అబద్ధం పంపిందంటే మీ నానమ్మని ఫ్యామిలీ గ్రూపులోంచి తీసేస్తా," అన్నాడు బాబాయి ఫోన్లో. ఉల్లిపాయ జేబులో పెట్టుకు తిరిగితే మతిమరుపు పోతుందని ఆ పొద్దునే నానమ్మ అందరికీ పంపింది.

ఎనిమిదో తరగతి చదివే మనవరాలు అడ్డుపడింది. "ఒక్క వారం ఆగు బాబాయ్. ఏది నిజమో, ఏది కాదో ఎలా తేల్చుకోవాలో మా టీచర్ నేర్పుతున్నారు. నేను నానమ్మకి నేర్పిస్తా."

సాయంత్రం బడి నుంచి రాగానే నానమ్మ గదిలో నోట్సు తెరుచుకుని కూర్చుంది. "ముందు ఈ మాట ఎవరన్నారో చూడాలి నానమ్మా."

"ఎవరూ అనలేదే. పేరూ లేదు, తేదీ లేదు," అంది నానమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ. "మెసేజీలో ఫొటో పెట్టిన ఈ డాక్టరు కూడా డాక్టరు కాదు. సబ్బుల ప్రకటనలో ఉంటాడు."

మనవరాలు నోరెళ్ళబెట్టింది. "అన్నీ తెలిసే పంపుతున్నావా?"

"ముప్పై ఏళ్ళు పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దినదాన్ని, ఆమాత్రం తెలీదా?" నానమ్మ గొంతు తగ్గించింది. "శుభోదయం అని పంపితే బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటాడు మీ బాబాయి. ఇలాంటిది పంపితే తిట్టడానికైనా ఫోన్ చేస్తాడు. మొన్న పావుగంట తిట్టాడు తెలుసా!"

మనవరాలు నోట్సు మూసేసింది.

మర్నాడు బాబాయే అడిగాడు. "ఏమ్మా, నేర్చుకుందా?"

"ఎక్కడ బాబాయ్! ఒకరోజుతో అయ్యేలా లేదు. నువ్వే రోజూ ఫోన్ చేసి, నెమ్మదిగా చెప్పాలి."