సాక్ష్యం ఇంట్లోనే

“ఇంకా వేరే సాక్ష్యం కావాలా డాక్టరుగారూ? ఇవాళ బడిలో ఒకడి చెవి కొరికొచ్చాడు మా మనవడు,” అంది అత్తగారు.

పక్క కుర్చీలో కోడలు తల వంచుకుని కూర్చుంది. మళ్లీ కడుపుతో ఉంది. నెల తప్పిన నాటి నుంచి నిద్ర లేదు, తిండి సయించడం లేదు. మొన్న తను పనిచేసే కళ్లద్దాల దుకాణంలో ఫ్రేము తుడుస్తూ, తనసలు ఎందుకు బతికుందో అర్థంకాక అలాగే నిలబడిపోయింది. ఒకప్పుడు ఇదే దిగులు పట్టుకుంటే మాత్రలే గట్టెక్కించాయి. మళ్లీ రాయమని అడగడానికి వచ్చింది. రాయకుండా చూడడానికి అత్తగారు వెంట వచ్చింది.

ఆవిడ కొడుకుది ఓడల మీద ఉద్యోగం. కోడలికి తోడుగా ఆవిడ వచ్చి ఏడాదే అయింది. కడుపుతో ఉండి మాత్రలు మింగిన సంగతి, కోడలు తన అక్కతో ఫోనులో చెబుతుంటే చెవిన పడింది. అంతే, ఆ రోజు నుంచి పిల్లాడు నవ్వినా మాత్రే, ఏడ్చినా మాత్రే. ఇరుగుపొరుగుకీ చాటింది. కోడలు ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. నోరు విప్పితే అత్తగారి చూపనే ఆ భూతద్దం ఎటు తిరుగుతుందో ఆమెకు తెలుసు.

డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. ఈ మందులు పిల్లల నడతను మారుస్తాయా అన్నది ఇంకా తేలలేదనీ, కొన్ని పరిశోధనలు ఔనంటే కొన్ని కాదంటున్నాయనీ, తల్లి దిగులు కూడా బిడ్డను తాకుతుందనీ, రెండూ తూచి చూడాలనీ అంది.

“తూచేదేముందమ్మా? ఒకే కడుపున పుట్టినవాళ్లేగా ఇద్దరూ. అటు చూడండి.”

గాజు తలుపు అవతల వరండాలో పిల్లాడు బూటు విసిరికొట్టాడు. వాడి అక్క వెళ్లి తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని తొడగబోయింది. వాడు దాని జుట్టు పట్టి లాగాడు. అది నవ్వుతూనే విడిపించుకుంది.

“దానికి కోపమంటే తెలీదు. వాడొక్కడే ఎందుకలా? ఇంకొకడు అలా పుడితే నేను చూడలేను.”

డాక్టరమ్మ కోడలి వైపు తిరిగి, అప్పట్లో ఎన్నాళ్లు వాడావని అడిగింది.

“పురుడొచ్చేదాకా.” కోడలు అత్తగారి చెయ్యి పట్టుకుంది. “అత్తయ్యా, ఇది విన్నాక నా పిల్లల్ని వేరే కంట చూడనని మాటివ్వండి.”

“ఇప్పుడు కొత్తగా చూసేదేముంది?” అంది ఆవిడ.

“నేను మాత్రలు వేసుకున్నది వాడు కడుపులో ఉన్నప్పుడు కాదండీ, పెద్దదాన్ని మోసినప్పుడు.”