వెనక నుంచి ఊ

కోరుట్లలో ఓ చిన్న ఆసుపత్రి. నర్సింగ్ చదివే యాస్మీన్ ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు ఒక్కో పనినీ పైకి చెప్పాలి. వెనక నిలబడ్డ సుశీల మేడం "ఊ" అంటేనే ముందుకు కదలాలి.

ఆ రాత్రి కరెంటు పోయింది. జరీనాబీ అనే రోగి మంచం పక్కన, ఫోన్ వెలుగులో, యాస్మీన్ మొదలుపెట్టింది.

"చేతులు కడిగిన మేడం."

"ఊ."

"పేషెంటు పేరు చూసిన."

"ఊ."

"మందు తీస్తున్న."

వెనక నిశ్శబ్దం.

ఆమె చేయి ఆగింది. సీసా మీది పేరు మళ్లీ చదివింది. అది పక్క మంచం రోగికి ఇవ్వాల్సిన మందు. దాన్ని పక్కన పెట్టి సరైన సీసా అందుకుంది.

"ఊ."

ఇంజక్షన్ ఇవ్వడం పూర్తయ్యేసరికి కరెంటొచ్చింది. సుశీల మేడం ఆయాసపడుతూ గుమ్మంలోంచి వచ్చింది.

"నేను రాకముందే ఇచ్చినవా పిల్లా?"

"మీరే ఊ అన్నరు గద మేడం."

"ఇప్పటిదాంక కాన్పు గదిల ఉన్న. నిలబడే కల గన్నవా?" మేడం ఖాళీ సీసా చూసింది, కేసు షీటు చూసింది. ముఖం విప్పారింది. "సరిగ్గనే ఇచ్చినవ్. ఇగ నీకు ఊ కొట్టేటోళ్లు అక్కర్లే బిడ్డా."

యాస్మీన్ ఛాతీ గర్వంతో నిండిపోయింది. ఆమె వీపుకూ వెనక గోడకూ మధ్య జానెడు చోటు కూడా లేదు. అక్కడి నుంచే, ఎంతో తృప్తిగా, వినిపించింది.

"ఊ."