సాండా ప్రయాణం

"ఒక బల్లికి రైలు ప్రయాణమా?" అన్నారు మేజిస్ట్రేటుగారు.

ఏలూరు కోర్టు హాలంతా నవ్వింది. రోహిణీ కార్తె ఎండ బయట మండిపోతోంది. లోపల ఫ్యాను వేడిగాలిని ఒక మూల నుంచి ఇంకో మూలకి నెట్టడం తప్ప ఇంకేమీ చెయ్యడం లేదు. ఫారెస్టు సెక్షన్ ఆఫీసరు ఎజ్రా చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"బల్లే గాని, మన బల్లి కాదండి. సాండా అంటారండి. రాజస్థాన్ ఎడారిలో ఉంటుందండి."

"వీడేం చేశాడు దాన్ని?"

నేలమీద గొంతుకూర్చున్న నూనె వ్యాపారి చేతులు జోడించాడు. బస్టాండు పక్కన కీళ్లనొప్పుల నూనె అమ్ముతూ దొరికాడతను. ముళ్లతోకల బల్లుల్ని గుడ్డమీద వరసగా పడుకోబెట్టి మరీ అమ్ముతున్నాడు. పారిపోకుండా వాటి నడుములు ముందే విరిచేశాడు.

"కొవ్వు కరిగించి నూనె తీస్తారండి" అన్నాడు ఎజ్రా. "అందుకే అక్కడ ఏటేటా తగ్గిపోతున్నాయి. వీటిని పట్టుకోవడమే నేరమండి. నడుము విరిగినవన్నీ మా ఆఫీసులోనే చచ్చిపోయాయి. సంచి అడుగున విరవనిది ఒక్కటుంది. అదే మిగిలిందండి."

"జూకి ఇచ్చెయ్యండి."

"అడిగానండి. వద్దన్నారు."

"అయితే ఇక్కడే ఉంచండి. మనకి ఎండకేం తక్కువ?"

మళ్లీ నవ్వులు. ఎజ్రా మాత్రం నవ్వలేకపోయాడు.

"ఎండుంది గానండి, గాలినిండా తడే కదండీ. కొల్లేరు గాలి దానికి పడట్లేదు. ఎండిన నేలలో బొరియ తవ్వుకుని బతికే జీవమది. ఒంటికి తడి తగలకూడదు, చలి తగలకూడదు. రేపో మాపో వానలు పట్టాయంటే ఇక..."



నూనె వ్యాపారి తరఫు ప్లీడరు సుబ్బరాజు లేచాడు. "నిరుడు కొల్లేరులో ఈ ఫారెస్టువాళ్లే చేపల చెరువుగట్లు కొట్టేసి జనాన్ని రోడ్డున పడేసినప్పుడు ఈ జాలంతా ఎక్కడికి పోయిందో అడగండి సార్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎజ్రా తల దించుకున్నాడు. ఆ గట్లమీద అతనూ నిలబడ్డాడు. ఏడ్చిన ఆడవాళ్ల మొహాలు అతనికి ఇప్పటికీ గుర్తున్నాయి. ఉద్యోగంలో చేరాక తను ఒక్క ప్రాణాన్నయినా దాని చోటికి చేర్చానని చెప్పుకోవడానికి లేదు. ఈ ఒక్కదాన్నయినా చేర్చాలని ఆఫీసులన్నీ తిరిగాడు. తిరిగిన చోటల్లా ఇలాగే నవ్వారు. ఆశ అడుగంటిపోయింది.

మేజిస్ట్రేటుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎవరు తీసుకెళ్తారు?"

"నేనేనండి. సాయంత్రం బండికి విజయవాడ వెళ్లి అక్కడ మారతాను. జోధ్‌పూర్‌లో ఫారెస్టువాళ్లు స్టేషనుకే వస్తామన్నారండి."

ఆయన ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టేశారు.

ఎజ్రా కోర్టు మెట్లు దిగుతూనే ఆఫీసుకి ఫోను చేశాడు. ఎత్తింది తాతాజీ. కొల్లేరు చెక్‌పోస్టు నుంచి ఆ ఉదయమే ఇక్కడికి మారివచ్చిన వాచరు.

"తాతాజీ గారూ, పర్మిషన్ వచ్చేసిందండి! సాండా ఎలా ఉంది?"

"ఉందండి. వరండాలో ఎండలో పెట్టారు కదండీ, తల పైకెత్తి నా వంకే చూస్తోందండి పాపం."

తల ఎత్తిందా! ఎజ్రాకి కళ్లు చెమర్చాయి. దేవుడా, ఇంకొక్క మూడు రోజులు, అనుకున్నాడు.

"దాన్ని ఒక పెట్టెలో పెట్టి స్టేషనుకి తెచ్చేయండి. నేను ఇంటికెళ్లి బట్టలు తెచ్చుకుంటాను. గాలాడాలండోయ్, బెజ్జాలు పెట్టండి."

"ఎంత దూరమండి?"

"మూడు రోజుల ప్రయాణం. ప్రాణంలా చూసుకోవాలండి దాన్ని."

"అయ్యో, మీరు చెప్పాలా అండి? మూగజీవం. పెట్టె సంగతి నాకొదిలేయండి."

ఎజ్రా ఇంటికెళ్లి సంచి సర్దుకున్నాడు. దారిలో దానికి తినడానికి లేత తోటకూర కొన్నాడు. చాలా రోజుల తర్వాత భార్య రూబీతో నవ్వుతూ మాట్లాడాడు. "ఎడారిలో వదిలాక అది పరిగెత్తడం చూసి వస్తాను" అన్నాడు.

స్టేషనుకి వచ్చేసరికి బండి సిగ్నలు దగ్గర కూత వేస్తోంది. ప్లాట్‌ఫారం మీద తాతాజీ ఎదురొచ్చాడు. నెత్తిమీద తాళ్లతో బిగించి కట్టిన చెక్కపెట్టె. చుట్టూ బెజ్జాలు. చూడముచ్చటగా ఉంది పని. ఆయన దాన్ని చంటిపిల్లని దించినట్టు మెల్లగా బెంచీమీద దించాడు.

ఎజ్రా పెట్టెమీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. బెంచీ మీద నుంచి అతని బూట్లమీదకి నీళ్లు కారుతున్నాయి.

"తాతాజీ గారూ... ఏంటండీ ఈ నీళ్లు?"

తాతాజీ తువ్వాలుతో మొహం తుడుచుకుని తృప్తిగా నవ్వాడు.

"మనుషులే వడదెబ్బకి పోతున్నారు, ఇదెంతండీ? హౌరా పంపే చేపలకి వేసినట్టు మధ్యాహ్నమే దాని చుట్టూ ఐసు దట్టించి తడిగోనె కప్పానండి. మొదట్లో కాస్త కొట్టుకుంది గాని, ఇప్పుడు హాయిగా నిద్రపోతోందండి."