ఐదుకి ఒకటి

“‘నా బిడ్డ నన్ను గుర్తుపడుతుంది.’ ఐదుకి ఎంత వేసుకుంటావు చెల్లీ?”

“ఒకటి, అక్కా.” బాలింత తల దించుకుంది.

ప్రశ్న అడిగినావిడ ఆస్పత్రి తరఫున వారం వారం ఇంటికొచ్చే కౌన్సిలర్. తొలిచూలు తల్లుల మనసు అమ్మతనానికి ఎంతవరకు అలవాటుపడిందో ప్రశ్నలడిగి కొలుస్తుంది. మొదట్లో మేడమ్. కన్నతల్లికి కూడా చెప్పుకోలేనివన్నీ చెప్పుకున్నాక అక్కయింది.

మిగతా ప్రశ్నలకి ఫరవాలేదు. నిద్ర లేదు, సరే. అద్దంలో ముఖం తనదిలా లేదు, అదీ సరే. ఈ ఒక్కటే ప్రాణం తోడేస్తోంది. తన చేతుల్లో గుక్కపట్టి ఏడ్చే చిట్టి, అక్క ఎత్తుకుని “ఏంటమ్మా బంగారూ” అనగానే కొళాయి కట్టేసినట్టు ఊరుకుంటుంది. చూస్తుంటే కడుపు మండుతుంది. మండినందుకు సిగ్గేస్తుంది.

“కన్నది నేను, గుర్తుపట్టేది మిమ్మల్నా!” నవ్వబోయి ఏడ్చేసింది.

“రోజూ పిల్లలతోనే కదమ్మా నా పని, చెయ్యి అలవాటు. సాయంత్రాలు పాపని మీ ఆయనకిచ్చి పడుకోమన్నాను, పడుకుంటున్నావా?”

“ఆయన మాత్రం బంగారం అక్కా. ఆఫీసు నుంచి రాగానే చిట్టిని దాని తోపుడు బండిలో వేసుకుని పార్కుకి తీసుకెళ్తారు. చీకటి పడ్డాకే రావడం.”

“అదృష్టవంతురాలివి.”

నిజమే మరి. మంచినీళ్ల గ్లాసు కూడా తానుగా అందుకునే రకం కాదు ఆ మనిషి. బిడ్డ పుట్టాక ఎంత మారాడో అని చుట్టాలంతా మెచ్చుకున్నారు. బండి పిడి అరచేతికి గుచ్చుకుంటోందంటే ఆమె తన ఎర్ర స్కార్ఫు చింపి చుట్టిపెట్టింది.

ఓ మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ తనలో తాను ఏదో గొణుక్కుంటోంది. చిట్టి ఆ గొంతు వెతుక్కుంటూ తల తిప్పింది. ఆమెని చూసింది. బోసినోటితో నవ్వింది.

ఇక ఆమె కాళ్లు నేలమీద ఆనలేదు. ఈ మాట ముందు అక్కకే చెప్పాలి. ఫోన్లో చెప్పే మాటా ఇది! సాయంత్రం మొగుడు బండి తోసుకుంటూ వెళ్లగానే తల దువ్వుకుని బయల్దేరింది. అక్క ఇల్లు ఆస్పత్రి వెనక వీధిలోనే. ‘ఆ ఒకటి కొట్టేసి ఐదు వేయండక్కా!’ దారంతా అదే మాట అనుకుంటూ నడిచింది.

మెట్లెక్కి బెల్లు నొక్కబోతే, గుమ్మం పక్కన ఎర్ర స్కార్ఫు చుట్టిన పాప బండి ఖాళీగా ఉంది, లోపలినుంచి మొగుడి నవ్వు, దాని వెనకే “ఏంటమ్మా బంగారూ” వినిపించాయి.